అరవై కేజీల దగ్గరే ఐదు నెలలు: బలం ఆగిందా, నేనే ఆగానా?

హనుమకొండ_27
జనవరి 6, రాత్రి 9:40

అందరికీ నమస్తే. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

నా వయసు 27, బరువు 72 కేజీలు. ఏడాదిన్నరగా వారానికి నాలుగు రోజులు జిమ్‌కి వెళ్తున్నాను. జ్వరం వస్తే తప్ప మానలేదు. మొదటి ఏడాదిలో స్క్వాట్ (బార్ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం) ఖాళీ బార్ నుంచి 60 కేజీల దాకా వచ్చింది. ఆగస్టు నుంచి ఇవాళ్టి దాకా అదే 60, మూడు సెట్లు (విడతలు), పదేసి రెప్స్ (సార్లు). పడుకుని బార్‌ని ఛాతీ మీంచి పైకి తోసే బెంచ్ కూడా 40 దగ్గరే ఉంది.

దసరా ముందు ఒకసారి 65 వేశాను. బార్ భుజాల మీదికి తీసుకోగానే కాళ్ళు వణికాయి. కిందికి దిగకుండానే మళ్ళీ ర్యాక్ (బార్ స్టాండ్) మీద పెట్టేశాను. లేవలేకపోతే ఎలా, అందరూ చూస్తుండగా కింద ఇరుక్కుపోతే ఎలా అన్న భయం. ఆ తర్వాత 65 జోలికి వెళ్ళలేదు.

మా నాన్న, బాబాయిలు అందరూ సన్నగానే ఉంటారు. నా ఒంటికి ఇంతే బలం రాసిపెట్టి ఉందా? ప్రోగ్రామ్ మార్చాలా, బలం కోసం వాడే క్రియాటిన్ పొడి మొదలుపెట్టాలా? ట్రైనర్‌ని అడిగితే "బాగానే చేస్తున్నావ్, కంటిన్యూ చెయ్" అంటున్నాడు.


గరాజ్_డల్లాస్
జనవరి 7, ఉదయం 6:15

తమ్ముడూ, ప్రోగ్రామ్ మార్చే ముందు ఒక్క విషయం చెప్పు. 60 మీద నీ పదో రెప్ ఎలా లేస్తోంది? మొదటి రెప్ లాగే లేస్తోందా, మధ్యలో బార్ ఆగిపోతుందేమో అన్నంత నెమ్మదిస్తోందా?

ఫోన్‌ని పక్కనుంచి నడుము ఎత్తులో పెట్టి చివరి సెట్ వీడియో తియ్యి. మనకి ముందు ముఖం కందిపోతుంది, ఊపిరి అందదు, తొడలు మండుతాయి. అప్పుడే అయిపోయిందనుకుంటాం. నిజంగా బలం అయిపోయేది చాలా తర్వాత. అయిపోతున్నప్పుడు బార్ వేగం తగ్గుతుంది, దాన్ని ఎవరూ దాచలేరు.


హనుమకొండ_27
జనవరి 8, రాత్రి 10:05

అన్నా, తీసి ఇక్కడ పెట్టాను. స్లో చేసి నాలుగుసార్లు చూశాను. మొదటి రెప్ లేవడానికి సెకనుకి కాస్త ఎక్కువ పట్టింది. పదోదానికి కూడా దాదాపు అంతే.

కానీ లోపల మాత్రం నాకు ప్రాణం పోతున్నట్టే ఉంది. ఎనిమిదో రెప్ నుంచే ఎప్పుడు అయిపోతుందా అని చూస్తున్నాను. నేను దొంగాట ఆడటం లేదు, నిజంగా అలాగే అనిపించింది.


ఫిజియో_గుంటూరు
జనవరి 9, మధ్యాహ్నం 2:30

మీరు దొంగాట ఆడుతున్నారని ఎవరూ అనరు. దాదాపు అందరికీ ఉండేదే ఇది. బ్రెజిల్‌లో 160 మంది మగవాళ్ళతో ఒక పరిశీలన చేశారు. అందరూ జిమ్ అలవాటున్న వాళ్ళే. "మీరు బెంచ్‌ ప్రెస్‌లో పది రెప్స్‌కి మామూలుగా ఎంత బరువు వేస్తారు?" అని అడిగి, ఆ బరువే వేసి, ఇక లేవదు అనేదాకా చెయ్యమన్నారు. సగటున పదహారు వచ్చాయి. కొందరికి పంతొమ్మిది దాటాయి. అంటే "పది నా హద్దు" అనుకుంటూ సగటున ఆరేసి రెప్స్ లోపలే దాచుకున్నారన్నమాట, తమకే తెలియకుండా.

ఇందులో ఒంటి లెక్క కూడా ఉంది. కండరంలో పోగులు గుంపులుగా ఉంటాయి, ఒక్కో గుంపుకి ఒక్కో నరం. తేలిక పనికి శరీరం చిన్న గుంపుల్నే పిలుస్తుంది. పెద్ద గుంపులకు బలం ఎక్కువ, కానీ అవి తొందరగా అలిసిపోతాయి. అందుకే వాటిని చివరికి, నిజంగా అవసరం పడినప్పుడు మాత్రమే పనిలోకి దింపుతుంది. బరువు ఎక్కువైనా ఆ అవసరం వస్తుంది, తేలిక బరువుతో చివరి దాకా వెళ్ళినా వస్తుంది. మీరు రెండూ చెయ్యడం లేదు. ఆగస్టులో కష్టంగా ఉన్న 60 ఇప్పుడు మీ ఒంటికి అలవాటైపోయింది. ఆ పని చేసిపెట్టడానికి కొత్తగా బలం పెంచుకోవాల్సిన అవసరం దానికి లేదు.

వంశం సంగతి ఇప్పుడే తేల్చకండి. ఒక పరీక్ష చేద్దాం. అంతకంటే ముందు చెప్పండి: బీపీ చూపించుకున్నారా? మోకాలు, నడుము నొప్పులు ఉన్నాయా? మీ జిమ్ ర్యాక్‌కి సేఫ్టీ పిన్లు (లేవలేకపోతే బార్‌ని ఆపే అడ్డ కడ్డీలు) ఉన్నాయా?


హనుమకొండ_27
జనవరి 9, సాయంత్రం 7:20

బీపీ పోయిన నెల ఆఫీస్ హెల్త్ చెకప్‌లో 118/76. నొప్పులు లేవు. పిన్లు ఉన్నాయి మేడమ్, ఎవరూ వాడరు. మూలన పడి ఉంటాయి.


నిజామాబాద్_పసుపు
జనవరి 9, రాత్రి 11:10

ఇక్కడ అందరూ ఇంకా చెయ్యి, ఇంకా చెయ్యి అంటున్నారు కాబట్టి నా సంగతి కూడా చెప్పాలి.

మూడేళ్ళ కింద డెడ్‌లిఫ్ట్ (నేల మీద బార్‌ని నిలబడేదాకా లేపడం) చేస్తున్నాను. 110 బాగానే లేచింది. ట్రైనర్ వచ్చి 130 వేసి "భయపడుతూ కూర్చుంటే ఎదగవు" అన్నాడు. చుట్టూ నలుగురు చేరి అరుస్తున్నారు. మొదటి రెప్‌కే నడుము గుండ్రంగా వంగింది, నాకే తెలిసింది. దింపేద్దామనుకున్నా. "ఇంకొకటి, ఇంకొకటి" అంటుంటే రెండోది లాగాను. కుడి పిరుదు నుంచి మడమ దాకా కరెంటు తీగ లాగినట్టయింది. రెండు నెలలు చెప్పుల జత వేసుకోవడానికి కూడా మా ఆవిడ సాయం కావాల్సి వచ్చింది. చిన్నపాపని ఎత్తుకోలేకపోయాను, దాని బాధ నడుము నొప్పి కంటే ఎక్కువ.

భయం ఊరికే రాదు. దాన్ని దాటమని చెప్పేముందు, అది ఎందుకొచ్చిందో ఒక్కసారి అడగండి.


ఫిజియో_గుంటూరు
జనవరి 10, ఉదయం 7:50

పసుపు గారూ, మీరు రాసింది ఈ చర్చకి చాలా అవసరం. మీలాంటి వాళ్ళు నెలకి ఇద్దరు ముగ్గురు నా దగ్గరికి వస్తారు. 110 నుంచి ఒకేసారి 130 వెయ్యడం తప్పు. నడుము వంగాక రెండోది లాగించడం ఇంకా పెద్ద తప్పు. ఆ రోజు మీ ఒళ్ళు సరిగ్గానే చెప్పింది, పక్కవాళ్ళు వినలేదు.

నేను నా దగ్గరికి వచ్చేవాళ్ళకి చెప్పే తేడా ఇదీ. కండరం మధ్యలో మంట, రెండు కాళ్ళలోనూ సమానంగా బరువెక్కడం, ఆయాసం, బార్ నెమ్మదించడం, ఇవి పని జరుగుతోందనడానికి గుర్తులు. ఇష్టంగా ఉండవు, కానీ సెట్ అయిపోయి రెండు నిమిషాలు కూర్చుంటే పోతాయి. కీలులో సూదిలా పొడవడం, ఒకవైపే నొప్పి, కాలిలోకో చేతిలోకో జారే నొప్పి, తిమ్మిరి, ఇవి వచ్చిన క్షణమే బార్ వదిలెయ్యాలి. ఛాతీలో బిగుతు, కళ్ళు తిరగడం, చెమటలు పట్టి వాంతి వచ్చినట్టుండటం, ఇలాంటివి వస్తే జిమ్‌లో కూర్చుని నీళ్ళు తాగుతూ చూడకూడదు, ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంకోటి కూడా ఉంది, మన జిమ్‌లలో దీని గురించి ఎవరూ చెప్పరు. చాలా రోజులు ఏమీ చెయ్యకుండా ఉండి, ఒక్క రోజు పట్టుదలకి పోయి వందల కొద్దీ రెప్స్ చేస్తే కండరం చితికి, అందులోని పదార్థాలు రక్తంలో కలిసి కిడ్నీల మీద పడతాయి. కండరాలు విపరీతంగా వాచి, మూత్రం కోలా రంగులో వస్తే అది మామూలు ఒళ్ళు నొప్పి కాదు, ఆ రోజే డాక్టర్ని కలవాలి. కొత్తగా చేరిన వాళ్ళకి మొదటి రోజే "ఫెయిల్యూర్" దాకా, అంటే ఇక ఒక్కటీ రానంత దాకా చేయించే వాళ్ళని చూస్తే నాకు కోపం అందుకే.

హనుమకొండ గారి సంగతి వేరు. ఆయన ఏడాదిన్నరగా అదే కదలిక చేస్తున్నారు, వీడియో చూశాను, నడుము నిటారుగా ఉంది, మడమలు లేవడం లేదు. ఆయన దాటాల్సింది ఐదు నెలల అలవాటుని.

పరీక్ష ఇలా చెయ్యండి. పూర్తిగా కిందికి దిగినప్పుడు బార్ ఎక్కడ ఉంటుందో చూసి, దానికి ఒకటి రెండు అంగుళాల కింద పిన్లు పెట్టండి. ముందు ఖాళీ బార్‌తో కావాలని ఫెయిల్ అవ్వండి. మెల్లగా దిగి, బార్‌ని పిన్ల మీద కూర్చోబెట్టి, ముందుకు జరిగి బయటికి రండి. ముందుకి వంగిపోవద్దు. ఇది ఐదారుసార్లు చెయ్యండి. ఆ తర్వాత 40తో కూడా చెయ్యండి. 60తో పరీక్ష వచ్చే వారం.


విజయనగరం_వ్యాయామశాల
జనవరి 10, సాయంత్రం 5:00

బాబూ, నాకు 61. పదిహేనో ఏట మా ఊరి వ్యాయామశాలలో బస్కీలు, దండీలతో మొదలుపెట్టాను. మా పక్కది కోడి రామ్మూర్తి నాయుడి నేల. ఆయన 1882లో వీరఘట్టంలో పుట్టాడు, ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకున్నాడు, గొలుసులు తెంపాడు, కదిలే మోటారు కార్లని ఆపాడు. చిన్నప్పుడు మేం ఆ కథలు విని బలం అంటే పుట్టుకతో వచ్చేదే అనుకునేవాళ్ళం. మా గురువుగారు ఒకటే చెప్పేవారు: నిన్న వంద తీస్తే ఇవాళ నూటొకటి తియ్యి, నూటయాభై తియ్యకు.

నువ్వు అందరూ చూస్తారని భయమన్నావు కదా, దానికి చెబుతున్నాను. మన శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లీశ్వరి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. 1994లో, 1995లో ప్రపంచ ఛాంపియన్, అప్పుడు 54 కేజీల విభాగం. 2000లో సిడ్నీలో ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్‌ని మొదటిసారి ఒలింపిక్స్‌లో పెట్టారు. ఈమె 69 కేజీల విభాగంలో దిగింది. స్నాచ్‌లో (ఒకే ఊపులో తల మీదికి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాలకి, తర్వాత తల మీదికి) 130, మొత్తం 240. చివరి ప్రయత్నానికి 137.5 అడిగింది. లేచి ఉంటే బంగారం. లేవలేదు. బంగారం, వెండి వచ్చిన ఇద్దరిదీ 242.5. కాంస్యంతో మన దేశం నుంచి ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి ఆడపిల్ల అయింది.

ఆ రోజు మా వీధిలో టీవీ ముందు నేనూ ఉన్నాను. బార్ కింద పడినప్పుడు అందరం అయ్యో అన్నాం. కానీ ఇన్నేళ్ళయినా ఆమె లేపలేకపోయిందని మా జిల్లాలో ఎవరూ అనరు. 137.5 అడిగిందంటారు. ప్రపంచం మొత్తం చూస్తుండగా ఆమె బార్ వదిలేసింది. మీ జిమ్‌లో నువ్వు పిన్ల మీద పెడితే ఎవరేం అనుకుంటారు చెప్పు?


గరాజ్_డల్లాస్
జనవరి 11, ఉదయం 5:55

బాబాయ్ గారూ, చదువుతుంటే ఒళ్ళు పులకరించింది. ఒక్క మాట మాత్రం కలపాలి, లేకపోతే తమ్ముడు తప్పుగా తీసుకుంటాడు. 130 నుంచి 137.5 అంటే ఒక్కసారిగా ఏడున్నర కేజీలు. అది పోటీలో, పతకం రంగు మార్చడానికి, చివరి అవకాశంలో వేసే అడుగు. మనం మంగళవారం సాయంత్రం జిమ్‌లో వెయ్యాల్సిన అడుగు అది కాదు. మనకి శుక్రవారం మళ్ళీ ఉంది, వచ్చే వారం మళ్ళీ ఉంది.

పసుపు అన్న చెప్పిన దానికి నా వైపు నుంచి ఒకటి. నేను గరాజ్‌లో ఒంటరిగా చేస్తాను. 2021లో బెంచ్ చేస్తూ ఛాతీ మీద బార్ ఆగిపోయింది. అప్పుడు పిన్లు లేవు. ఇంట్లో వాళ్ళు నిద్రపోతున్నారు, అరిచినా వినపడదు. బార్‌ని పొట్ట మీదుగా నడుము దాకా దొర్లించి లేచాను. రెండు వారాలు కమిలిపోయిన గుర్తులు ఉన్నాయి. మరుసటి రోజే పిన్లు ఉన్న ర్యాక్ కొన్నాను. విచిత్రం ఏమిటంటే, పిన్లు వచ్చిన నెలలోనే నా బెంచ్ పది పౌండ్లు పెరిగింది. బలం ముందు నుంచీ ఉంది. ఇరుక్కుపోతానన్న భయంతో నేనే ఒకటి రెండు రెప్స్ ముందు ఆపేస్తున్నాను.

ధైర్యం కావాలని కొందరు గట్టిగా పాటలు పెట్టుకుంటారు, అరుచుకుంటారు. నాకు ధైర్యం ఇచ్చింది రెండు ఇనప కడ్డీలు.


నిజామాబాద్_పసుపు
జనవరి 11, రాత్రి 9:30

పిన్ల మాట ఒప్పుకుంటాను. నాకు ఆ రోజు ఎవరూ ఇలా వరసగా చెప్పలేదు.


కాకినాడ_సాయంత్రం_బ్యాచ్
జనవరి 12, మధ్యాహ్నం 3:15

నేను రాయొచ్చో లేదో అని రెండు రోజులు ఆలోచించాను. నాకు 54. టీచర్‌ని. మీ అంత బరువులు కావు నావి.

నాలుగేళ్ళ కింద పీరియడ్స్ ఆగిపోయాయి. రెండేళ్ళ కింద ఎముకల స్కాన్‌లో సాంద్రత తగ్గిందని వచ్చింది. మా అమ్మకి తుంటి ఎముక విరిగి, మంచం మీద ఉన్న ఏడు నెలలూ నేనే చూసుకున్నాను, అందుకని రిపోర్ట్ చూడగానే కాళ్ళు చల్లబడ్డాయి. జిమ్‌లో చేరాను. అక్కడ అబ్బాయి గులాబీ రంగు డంబెల్స్ ఇచ్చాడు, మూడు కేజీలవి. "మేడమ్, మీ వయసుకి ఇవి చాలు" అన్నాడు. ఏడాది పాటు అవే ఎత్తాను.

ఒకరోజు ఇంట్లో ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ ఎత్తి డిస్పెన్సర్ మీద పెడుతూ ఆగిపోయాను. ఇది ఇరవై కేజీలు. నిండు గ్యాస్ సిలిండర్ ముప్పై దాకా ఉంటుంది, గుమ్మం నుంచి వంటింటికి జరిపేది నేనే. పాతిక కేజీల బియ్యం బస్తా అటక కింద సర్దేది నేనే. మరి జిమ్‌లోకి వెళ్ళగానే నాకు మూడు కేజీలే ఎలా చాలుతాయి?

ఆస్ట్రేలియాలో నాలాంటి వాళ్ళ మీదే ఒక పరిశోధన చేశారని మా డాక్టరు గారు చెప్పారు. మెనోపాజ్ దాటి, ఎముకలు బలహీనపడ్డ ఆడవాళ్ళు. వారానికి రెండుసార్లు, అరగంటే, ఎనిమిది నెలలు. చేయించింది డెడ్‌లిఫ్ట్, స్క్వాట్, తల మీదికి ఎత్తే ప్రెస్. తేలిక బరువులతో కాదు, ఐదు రెప్స్ మించి రావడం కష్టమనిపించే బరువులతో. పక్కన నిపుణులు నిలబడి చేయించారు. నడుము ఎముక సాంద్రత పెరిగింది. ఇంట్లో తేలికగా చేసుకున్న వాళ్ళకి పెరగలేదు.

మా డాక్టరు గారు పంపిన ఫిజియో దగ్గర మొదలుపెట్టాను. ఇప్పుడు డెడ్‌లిఫ్ట్ 45 కేజీలు, ఐదు రెప్స్. మొదటిసారి 40 వేసినప్పుడు గుండె దడదడలాడింది. మా స్టాఫ్ రూమ్‌లో "ఈ వయసులో ఎందుకండీ, గర్భసంచి జారుతుంది" అన్నారు. డాక్టర్ని అడిగి, పరీక్ష చేయించుకుని మరీ చేస్తున్నాను. పొట్ట కింది కండరాలకి వేరే వ్యాయామం కూడా ఇచ్చారు.

నాకు కంఫర్ట్ జోన్ అంటే బరువు కాదు. మగపిల్లలు చేసే వైపుకి నడిచి వెళ్ళి "బాబూ, ఆ బార్ అయ్యాక నేను తీసుకుంటాను" అనడం. దానికే నాకు మూడు వారాలు పట్టింది.


విజయనగరం_వ్యాయామశాల
జనవరి 12, సాయంత్రం 6:40

అమ్మా, మీరు రాయొచ్చో లేదో అనుకోవడమేమిటి. రాసిన వాటిలో మంచిది మీదే. నమస్కారం.


ఫిజియో_గుంటూరు
జనవరి 12, రాత్రి 8:25

టీచర్ గారూ, చాలా సంతోషం. చదివే మిగతా వాళ్ళకి ఒక్క మాట: ఎముకలు బాగా పలచబడ్డ వాళ్ళు, ఇదివరకు వెన్నుపూస విరిగిన వాళ్ళు సొంతంగా మొదలుపెట్టొద్దు. టీచర్ గారు చేసినట్టు డాక్టర్, ఫిజియో చూశాకే.


హనుమకొండ_27
జనవరి 17, రాత్రి 9:55

చేశాను. ముందు ఖాళీ బార్‌తో, తర్వాత 40తో పిన్ల మీద కావాలని ఫెయిల్ అయ్యాను. మొదటిసారి ఇనుము మీద ఇనుము తగిలి పెద్ద చప్పుడైంది, జిమ్ అంతా తిరిగి చూసింది. ఒక్క సెకను. తర్వాత ఎవరి పని వాళ్ళు చేసుకున్నారు. ఐదు నెలలు నేను భయపడింది ఆ ఒక్క సెకనుకేనా అనిపించింది.

ఇవాళ 60. ఇద్దరు ఫ్రెండ్స్ చెరో వైపు. లెక్క పైకి చెప్పొద్దని చెప్పాను. పది అయ్యాయని నాకే తెలిసింది, అలవాటు కొద్దీ కాళ్ళు ర్యాక్ వైపు కదిలాయి కూడా. ఆగి, రెండు ఊపిరులు తీసుకుని మళ్ళీ దిగాను. ఆ తర్వాత లెక్క పోయింది. చివర్లో ఒకటి మధ్యలో ఆగింది, నిజంగా ఆగింది, తొడలు వణుకుతూ చాలాసేపు అక్కడే ఉండి పైకి వెళ్ళింది. ఆ తర్వాతది దిగాను, లేవలేదు, పిన్ల మీద పెట్టాను.

పదిహేడు.

బయట మెట్ల మీద పావుగంట కూర్చున్నాను. సంతోషమో ఏడుపో తెలియలేదు. పది దగ్గర నాకు ప్రాణం పోతున్నట్టుండేది. అప్పటికి ఇంకా ఏడు ఉన్నాయి.


గరాజ్_డల్లాస్
జనవరి 18, ఉదయం 6:05

చాలా గర్వంగా ఉంది తమ్ముడూ. ఇక ఇలాంటి సెట్ రోజూ చెయ్యకు. అది పరీక్ష, నీ హద్దు ఎక్కడుందో చూపించడానికి. రోజూ చేస్తే వారానికే అలిసిపోతావ్.


ఫిజియో_గుంటూరు
జనవరి 18, ఉదయం 8:10

పదిహేడు వచ్చిన వాళ్ళకి 67.5తో ఐదు రెప్స్ తేలికే. అక్కడ మొదలుపెట్టండి. వారానికి రెండు రోజులు స్క్వాట్, మూడు సెట్లు, ఐదేసి రెప్స్. ఐదూ సరిగ్గా వస్తే తర్వాతి రోజు రెండున్నర కేజీలు కలపండి. ఇంకా ఒకటి రెండు వస్తాయి అనిపించేటప్పుడు ఆపండి. బలం పెరగడానికి ప్రతి సెట్‌లో కూలబడే దాకా వెళ్ళనవసరం లేదు, బరువు మెల్లగా పెరుగుతూ ఉండటం ముఖ్యం. ఇప్పుడు మీకు హద్దు ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి "ఇంకో రెండు ఉన్నాయి" అన్న మీ లెక్కని నమ్మొచ్చు. ఇదివరకు నమ్మడానికి లేదు.

మొదటి కొన్ని వారాలు కండ కనిపించకుండానే బరువు పెరుగుతుంది, కంగారు పడకండి. ముందు నేర్చుకునేది నరాలు. కండ పెరగడానికి ఎక్కువ వారాలు పడుతుంది.


హనుమకొండ_27
జనవరి 18, రాత్రి 10:30

మేడమ్, మెట్లు దిగలేకపోతున్నాను, రెండు తొడలూ పట్టేశాయి. మూత్రం రంగు మామూలుగానే ఉంది, చూసుకున్నాను. తిండి సంగతి కూడా చెప్పండి. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం పప్పు, రాత్రి చపాతీ. పడుకునేసరికి ఒంటిగంట అవుతుంది.


ఫిజియో_గుంటూరు
జనవరి 19, ఉదయం 7:30

రెండు వైపులా సమానంగా పట్టేస్తే మూడు నాలుగు రోజుల్లో పోతుంది, నడవండి. తిండిలో ప్రొటీన్ తక్కువ. బరువులు ఎత్తేవాళ్ళకి రోజుకి ఒంటి బరువులో కేజీకి 1.6 గ్రాముల దాకా ఉపయోగం ఉంటుంది, అంటే మీకు 115 గ్రాములు. గుడ్డుకి ఆరు గ్రాములు. ఇడ్లీ బదులు పెసరట్టు, రెండు గుడ్లు, మధ్యాహ్నం చికెన్ లేదా పనీర్, పెరుగు, సాయంత్రం ఉడికించిన సెనగలు. క్రియాటిన్ పనిచేస్తుంది, కానీ ఒంటిగంటకి పడుకునే వాళ్ళకి ముందు నిద్ర.


హనుమకొండ_27
మార్చి 15, రాత్రి 9:20

ఎనిమిది వారాల లెక్క రాస్తానని అనుకున్నాను, రాస్తున్నాను.

67.5తో మొదలుపెట్టాను. మా జిమ్‌లో అన్నిటికంటే చిన్న ప్లేటు రెండున్నరది. అంటే రెండు వైపులా కలిపి ఐదు కేజీలు ఒకేసారి పెరుగుతుంది. దసరా ముందు నేను 60 నుంచి 65కి దూకింది అందుకే. బజారులో 1.25 ప్లేట్ల జత కొనుక్కుని బ్యాగులో పెట్టుకుని వెళ్తున్నాను.

75 దాకా ఎప్పుడూ ఆగలేదు. 77.5 రోజు రాత్రి మూడు గంటలే పడుకున్నాను, నాలుగో రెప్‌కే కాళ్ళు చెప్పేశాయి. ఆ వారం కలపలేదు, మళ్ళీ అదే చేశాను, వచ్చింది. ఫిబ్రవరి చివర ఒక వారం బరువు బాగా తగ్గించి చేశాను. 80 వేసిన రోజు నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. "ఎనభై అంటే బస్తా కదరా, చిన్నప్పుడు మిల్లులో నేనూ మోసేవాణ్ణి" అన్నారు. ఆయన సన్నగా ఉంటారని మా వంశంలో బలం లేదని రాశాను పైన. నాకు ఆ సంగతే తెలియదు.

మొన్న గురువారం 87.5. నాలుగు వచ్చాయి. ఐదోది లేవలేదు, పిన్ల మీద పెట్టి బయటికి వచ్చాను. పక్కన బెంచ్ చేస్తున్న కుర్రాడు, పదో తరగతి పరీక్షలు రాస్తున్నవాడు, "అన్నా, ఆ కడ్డీలు ఎలా పెట్టాలి?" అని అడిగాడు. చూపించాను.


నిజామాబాద్_పసుపు
మార్చి 16, ఉదయం 10:00

తమ్ముడూ, ఆ చివరి లైను నాకు 87.5 కంటే ఎక్కువ నచ్చింది. ఈ థ్రెడ్ చదివి నేను కూడా జనవరి చివర మళ్ళీ డెడ్‌లిఫ్ట్ మొదలుపెట్టాను, మూడేళ్ళ తర్వాత. ఫిజియోకి చూపించుకున్నాకే. 40తో. బార్ ముందు నిలబడితే చేతులకి చెమట పట్టింది. వారానికి రెండున్నర కలుపుతున్నాను, ప్రతి సెట్ వీడియో తీసి నడుము చూసుకుంటున్నాను, పక్కన ఎవరైనా అరిస్తే దింపేస్తున్నాను. ఇప్పుడు 55. పాప ఇప్పుడు పద్దెనిమిది కేజీలు, భుజాల మీద ఎక్కించుకుంటున్నాను.


కాకినాడ_సాయంత్రం_బ్యాచ్
మార్చి 16, సాయంత్రం 4:45

ఇద్దరికీ అభినందనలు నాయనా. నాదొక సమస్య. డెడ్‌లిఫ్ట్ 52.5కి వచ్చింది కానీ తల మీదికి ఎత్తే ప్రెస్ 15 దగ్గర ఆగింది. తర్వాతి బార్ 17.5. మీకు రెండున్నర ఏమీ కాదు, నాకు ఆరో వంతు. మూడుసార్లు ప్రయత్నించాను, నుదురు దాటడం లేదు. నేనే ఆపుతున్నానా, నిజంగా ఎక్కువా?


గరాజ్_డల్లాస్
మార్చి 17, ఉదయం 6:20

అక్కా, అది నిజంగానే ఎక్కువ, మీ భయం కాదు. కాలి చీలమండలకి కట్టుకునే బరువు పట్టీలు ఉంటాయి, అరకేజీవి. 15 కేజీల బార్‌కి రెండు చివర్లా ఒక్కోటి గట్టిగా చుట్టి కట్టండి, పదహారు అవుతుంది. ఎత్తేముందు ఒకసారి వంచి చూడండి, జారకూడదు.


కాకినాడ_సాయంత్రం_బ్యాచ్
మార్చి 20, సాయంత్రం 7:30

కట్టాను. పదహారు నాలుగు రెప్స్ వచ్చాయి. ఐదోది సరిగ్గా నుదుటి దగ్గర ఆగింది. ఇదివరకైతే అక్కడ దింపేసేదాన్ని. అక్కడే ఉంచి, పొట్ట బిగించి, మెల్లగా తోశాను. వెళ్ళింది. సోమవారం మళ్ళీ పదహారే చేస్తాను, ఐదూ వస్తే ఇంకో జత పట్టీలు కొంటాను.